పూజనాడు ఆగని మెషీన్

నాకు కోపం తొందరగా వస్తుంది, విషయం ఆలస్యంగా అర్థమవుతుంది. ఈ రెండూ కలిసిన మనిషికి కంప్యూటర్ ల్యాబ్ అప్పగించడం మా కరస్పాండెంటు చేసిన సాహసమే. రెండువేల పది ఇంకా రాలేదు అప్పటికి. అనంతపురం నుంచి గార్లదిన్నె వైపు పోయే దారిలో చెనక్కాయ చేన్ల మధ్య ఒక ఇంజనీరింగ్ కాలేజీ, అందులో ల్యాబ్ సిస్టమ్స్ చూసుకునే ఉద్యోగం నాది. కరస్పాండెంటు అంటే కాలేజీ యజమాని. భూములున్న కుటుంబం, కొంచెం రాజకీయం, కాలేజీలో ప్రతి ట్యూబ్‌లైటూ ఆయనకు లెక్కే. డీజిల్ ఖర్చంటే మరీ ప్రాణం పోయేది.

ల్యాబ్‌లో ఉన్నవన్నీ ముసలి కంప్యూటర్లు. ఆన్ చేస్తే తెర వెలిగే లోపు టీ తాగి రావచ్చు. అన్నీ మార్చే బదులు ఒక మంచి సర్వరు కొని, దాని మీద లైనక్స్ వేసి, దాని లోపలే ఇరవై కంప్యూటర్లు తయారు చేయవచ్చని ఒక ట్రైనింగ్‌లో విని వచ్చాను. పాతవాటిని కిటికీల్లా వాడుకుంటే సరి, పిల్లలు వాటి ముందు కూర్చుంటారు, అసలు పని సర్వరు లోపలి కంప్యూటర్లలో జరుగుతుంది. వినేటప్పుడు అంతా తెలిసినట్టే ఉంది. బస్సెక్కేసరికి సగం మరిచిపోయాను. అయినా ఖర్చు తగ్గుతుందన్న ఒక్క ముక్క చెప్పగానే కరస్పాండెంటు సరేనన్నారు.

సర్వరు వచ్చిన వారానికి చూడటానికి వచ్చారు. గదంతా కలియజూశారు. మూలన ఒక నల్ల డబ్బా, దాని ఫ్యాన్ల హోరు తప్ప ఏమీ లేదు.

"ఏమ్మా, ఇరవై కంప్యూటర్లు పెట్టినానంటివే, యాడుండాయి?" అన్నారు.

అన్నీ ఈ డబ్బాలోనే ఉన్నాయి సార్ అన్నాను. ఆయన వంగి డబ్బా వెనక్కి కూడా తొంగి చూశారు. ఇరవై ఎట్ల పట్టినాయని అడిగితే, అవి నిజంగా లేవు సార్, ఉన్నట్టు అనుకోవడమే అని చెప్పి నాలుక్కరుచుకున్నాను. లేనివాటికి ఇంత ఖర్చు పెట్టించినావా అన్నట్టు నన్నొక చూపు చూసి వెళ్లిపోయారు. ఆయన్ను అనడానికి లేదు. నాకూ రాత్రి పడుకుంటే అదే ప్రశ్న. కంప్యూటర్ లోపల కంప్యూటర్ అంటే అది ఎక్కడున్నట్టు?

ఆ ఇరవైకీ ముందు ఒక్క మెషీన్ తయారు చేశాను. దాన్ని తల్లి మెషీన్ అనుకున్నాను. విద్యార్థులకు కావలసినవన్నీ అందులో ఎక్కించి, దాని నుంచి క్లోనులు తీశాను. ఇరవై పిల్లలూ పుట్టాయి. పుట్టీ పుట్టగానే కొట్టుకోవడం మొదలుపెట్టాయి. ఒకటి నెట్‌వర్క్‌లోకి వస్తే ఇంకొకటి మాయమయ్యేది. తల్లి పేరు, తల్లి అడ్రసు అన్నిటికీ అలాగే వచ్చేశాయని తెలుసుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. మా ఇంట్లో తాత పేరు ఐదుగురు మనవళ్లకు పెట్టారు. అవ్వ ఒక్క కేక వేస్తే ఐదుగురూ ఉలిక్కిపడేవాళ్లు, లేదా ఐదుగురూ పలకకుండా ఊరుకునేవాళ్లు. అలాంటి ఇంట్లో పెరిగిన నాకైనా ముందే తట్టి ఉండాల్సింది. చివరికి ఒక్కోదానికి ఒక్కో పేరూ అడ్రసూ పెట్టాక ల్యాబ్ నిమ్మళించింది.

ఆ క్లోనుల్లో ఒక కిటుకు ఉంది, తర్వాత జరిగిందంతా దాని వల్లే. పిల్ల మెషీన్లలో పూర్తి సరుకు ఉండదు. తల్లి ఫైలు ఒక్కటే పెద్దది, బోర్డు మీద రాసిన పాఠంలా అది అందరికీ ఉమ్మడి. పిల్లలు ఆ బోర్డును చదువుతూ, తేడాలు మాత్రం ఎవరి పలక మీద వాళ్లు రాసుకుంటారు. దానివల్ల డిస్కులో చోటు బాగా మిగులుతుంది. తల్లిని మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకోకూడదు కాబట్టి ఆ ఫైలు మీద తేదీ జూన్‌లో కాలేజీ తెరిచిన రోజుల్లోనే ఆగిపోయి ఉంది.

ఒక క్లోను మా అక్కకు ఇచ్చాను. సొంత అక్క కాదు, కంప్యూటర్స్ చెప్పే లెక్చరరు, నాకంటే పదేళ్లు పెద్ద. కొత్తచెరువు దగ్గర పల్లెలో పుట్టి, ఇంట్లో ఉర్దూ, బయట నాకంటే పచ్చి సీమ తెలుగు మాట్లాడే మనిషి. పెళ్లయి పిల్లలు పుట్టాక ఎం.టెక్‌లో చేరి, దాన్ని ఈదలేక ఈదుతోంది. గడువు ఇప్పటికే పొడిగించారు, దసరా అయిన పది పదిహేను రోజుల్లో థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషనే పోతుంది. ఎం.టెక్ లేనివాళ్లను లెక్చరరుగా ఉంచబోమని కాలేజీ కూడా తేల్చి చెప్పింది. అన్నేళ్లు పాఠం చెప్పిన గదిలోనే ఇకమీద ల్యాబ్ అసిస్టెంటుగా నిలబడాలి. ఆమె ఆ మాట ఎవరితోనూ అనేది కాదు. నాతో ఒక్కసారే అంది.

ఆమె థీసిస్ బోర్ల గురించి. పక్కపక్కన వేసిన బోర్లు ఒకదాని నీళ్లు ఒకటి ఎలా లాక్కుంటాయో లెక్కగట్టే ప్రోగ్రాం. అది ఆమె క్లోనులో నెలకు పైగా నడుస్తూనే ఉంది. ఎవరో పాత సారు రాసిన ప్రోగ్రాం కాబట్టి మధ్యలో ఏదీ దాచుకోదు, అంతా ముగిశాకే ఫలితం రాస్తుంది. మధ్యలో ఆపితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి, మొదలుపెట్టడానికి ఇంకో నెల లేదు. పొద్దున్నే వచ్చి సంచి కూడా దించకుండా, నడుస్తోందా పాపా అని అడిగేది. నడుస్తోందక్కా అంటే అప్పుడు కూర్చునేది.

ఇంతలో దసరా వచ్చింది. మా వైపు ఆయుధ పూజంటే ఆషామాషీ కాదు. అన్నం పెట్టే పనిముట్టును కడిగి, కుంకుమ పెట్టి, దానికి విశ్రాంతి ఇవ్వాలి. పూజయ్యాక పండగ దాటేదాకా ముట్టుకోకూడదు. నాగలైనా అంతే, లారీ అయినా అంతే, మా సర్వరైనా అంతే. పూజకు ముందు గదులు దులిపి, పాతవీ విరిగినవీ బయట పారేయడం కూడా ఆచారమే. ల్యాబ్ ఇన్‌చార్జి సారు నడుం బిగించారు. ఆయన నా పైఅధికారి, మంచి మనిషి, శుభ్రం పిచ్చి. విరిగిన కుర్చీలు, తోక తెగిన మౌసులు, చచ్చిన కీబోర్డులు అన్నీ వరండాలోకి చేరాయి. సాయంత్రం నా దగ్గరికి వచ్చి, సర్వరులో కూడా పాత చెత్త తీసేశానమ్మా, అయినా డిస్కులో జాగా పెరగలేదేం అని అడిగారు. నేను చిరాకులో ఉన్నాను. పెరుగుతుందిలెండి సార్ అన్నాను. ఏం తీశారని అడగలేదు. క్లోనులన్నీ మామూలుగానే నడుస్తున్నాయి మరి, అడగాలని ఎందుకు తోస్తుంది?

మర్నాడు పూజ. అన్నీ ఆపేయమని కరస్పాండెంటు ఆర్డరు. అక్క నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. నిలబడి గోడకేసి చూసింది.

"పాపా, నీకు దండం పెడతా. దాన్ని ఆపొద్దు. అది ఆగితే నా పని అయిపోయినట్లే," అంది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పూజంటే నాకు నమ్మకమే. మా నాయన పూజనాడు గడ్డపారకు కాలు తగిలితే కళ్లకద్దుకునే మనిషి. పనిలో ఉన్న మెషీన్‌కు కుంకుమ పెడితే పాపమో, పెట్టకుండా ఉంటే పాపమో నాకు తెలియలేదు. చివరికి పందొమ్మిది క్లోనులు ఆపి, అక్కది ఒక్కటే ఉంచాను. కిటికీ కంప్యూటర్లన్నీ ఆపాను. సర్వరు తెర ఆపాను. చూసేవాళ్లకు అంతా నిద్రపోయినట్టే ఉంది, కానీ ఆ ఫ్యాన్ల హోరును ఎక్కడ దాచను?

పూజారి మంత్రాలు చదివాడు, బూడిద గుమ్మడికాయ పగిలింది, బొరుగులూ బెల్లమూ పంచారు. అక్క ఎప్పటిలాగే ఒక పక్కన నిలబడి తన బొరుగులు కొంగులో పోయించుకుంది. కరస్పాండెంటు తన చేత్తో సర్వరుకు కుంకుమ పెడుతూ ఆగారు. చెవి కొంచెం వంచారు.

"ఏమ్మా, ఇదింకా మొరుగుతాండాది?"

"యూపీఎస్ శబ్దం సార్. బ్యాటరీలు చార్జవుతున్నాయి," అన్నాను.

అంత నున్నగా అబద్ధం నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే అర్థం కాలేదు. ఆయన ఇంకో క్షణం విని, చేతికి మిగిలిన కుంకుమ తలుపుకు రాసి వెళ్లిపోయారు.

పండగ రోజులు నాకు పండగలా గడవలేదు. ఊళ్లో ఎప్పుడు కరెంటు పోయినా గడియారం చూసుకునేదాన్ని. మా యూపీఎస్ బ్యాటరీలు కొంతసేపే మోస్తాయి, సెలవుల్లో జనరేటరు వేసే దిక్కు లేదు. ఇంటికొచ్చిన వాళ్లతో జమ్మి ఆకు చేతిలో పట్టుకుని పిచ్చి చూపులు చూశాను. కాలేజీ తెరిచిన పొద్దున అక్కా నేనూ ఒకే బస్సులో వచ్చాం. తలుపు తీయగానే హోరు వినిపించింది. నడుస్తోంది. బ్యాటరీలు ఇన్ని కోతలు ఎలా తట్టుకున్నాయో నాకు అంతుపట్టలేదు, అంతుపట్టని వాటిల్లో అదొకటి అనుకుని వదిలేశాను. అక్క కూర్చుని చెంగుతో ముఖం తుడుచుకుంది.

తర్వాత మిగతా క్లోనులు ఆన్ చేశాను. ఒక్కటీ లేవలేదు. మొదటిది లేవలేదు, రెండోది లేవలేదు, కుంకుమ బొట్టు పెట్టుకుని నల్ల డబ్బా నన్ను చూస్తోంది. సిగ్గు లేకుండా చెప్తున్నాను, నాకు మొట్టమొదట తట్టింది డిస్కు కాదు, దేవుడు. పూజలో అబద్ధం చెప్పాను, విశ్రాంతి తీసుకున్నవన్నీ చచ్చాయి, తీసుకోనిది ఒక్కటే బతికింది. ఇదెక్కడి న్యాయమో కూడా తెలియలేదు. శిక్షయితే అది కదా చావాలి?

లోపం చెప్పే లైను చదివితే తల్లి ఫైలు లేదని ఉంది. వెతికితే నిజంగానే లేదు. అప్పుడు ఇన్‌చార్జి సారు మాట గుర్తొచ్చింది. వెళ్లి అడిగితే దాపరికం లేకుండా చెప్పారు. పెద్ద ఫైలు, జూన్ నుంచి ఎవరూ ముట్టుకోలేదు, పాతదనుకుని తీసేశానన్నారు. నాకు కళ్లు ఎర్రబడ్డాయి. విరిగిన కుర్చీలతో పాటు తల్లిని కూడా వరండాలో పెట్టారా సార్ అని అరిచాను. ఆయన ముఖం చిన్నబోయింది. చూస్తే నాకే పాపమనిపించి వచ్చేశాను.

కానీ నా బుర్ర తిరిగిపోయింది ఇంకో దగ్గర. తల్లి పూజకు ముందురోజే పోతే, పూజదాకా క్లోనులెలా నడిచాయి? అక్కది ఇప్పటికీ ఏం చదువుతూ నడుస్తోంది? బోర్డు పీకేశాక పిల్ల దేన్ని చూసి రాసుకుంటోంది? బెంగళూరులో ఇదే పని చేసే నా క్లాస్‌మేట్‌కు ఫోన్ చేశాను. అతను మొత్తం విని, అక్కది మాత్రం ఆపకు అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. లైనక్స్‌లో ఫైలు తీసేస్తే పోయేది పేరేనట, సరుకు కాదట. దాన్ని పట్టుకుని ఎవరైనా పని చేస్తూంటే, ఆ చివరి చెయ్యి వదిలేదాకా సరుకు డిస్కులోనే ఉంటుందట. అందుకే సారుకు జాగా పెరగలేదు. పందొమ్మిది చేతులు పూజకని వదిలేశాయి. పట్టుకుని ఉన్న చెయ్యి అక్క మెషీన్‌దొక్కటే.

అంటే అక్క మెషీన్ ఆగితే ఆమె నెల కష్టమే కాదు, అందరి మెషీన్లూ పోతాయి. పట్టుకున్న చోటు నుంచి తల్లిని కాపీ చేసుకోవడానికి దారి ఉందని అతనే చెప్పాడు. పిల్లల పలకలు పెరిగి పెరిగి సర్వరు డిస్కులో ఇంకో తల్లికి చోటు లేదు. ఉన్నవాటిల్లో కాస్త గట్టి పాత కంప్యూటర్‌ను మోసుకొచ్చి సర్వరు పక్కన పెట్టి, అదే యూపీఎస్‌కు తగిలించి, కాపీ మొదలుపెట్టాను. సగం కూడా కాలేదు, కరెంటు పోయింది. ఈసారి యూపీఎస్ నిజంగానే మొరిగింది.

నేను వాచ్‌మన్ దగ్గరికి పరిగెత్తి జనరేటరు వేయమన్నాను. డీజిల్ లేదన్నాడు. సెలవులకు ముందు నిండా ఉండాల్సింది. ఎవరమ్ముకున్నారని అతని మీద ఎగిరాను, అతను నేల చూపులు చూశాడు కానీ నోరు విప్పలేదు. ఎగిరి లాభం లేదు. తిరిగి వచ్చేసరికి యూపీఎస్ అరుపుల మధ్య ఎడం తగ్గుతోంది. అక్క లేచింది. ఎవరినీ ఏదీ అడగని మనిషి కరస్పాండెంటు గదికి గబగబా వెళ్లింది. అక్కడ ఏం అందో నాకు తెలియదు. కాసేపట్లో ఆయన ట్రాక్టరు నుంచి క్యాన్‌తో డీజిల్ వచ్చింది, జనరేటరు దడదడలాడింది, అరుపులు ఆగిపోయాయి. డీజిల్ చుక్కకు లెక్క అడిగే మనిషి ఒక్క ప్రశ్నైనా వేయకుండా ఇవ్వడం నాకు మింగుడు పడలేదు. కానీ కాపీ పూర్తయింది. అక్కా నేనూ ఆ పాత కంప్యూటర్ ముందు నేల మీద కూలబడి, బాలింత దగ్గర కూర్చున్నవాళ్లలా దాన్నే చూస్తూ ఉండిపోయాం.

అక్క ప్రోగ్రాం ముగిసేదాకా ల్యాబ్ మూసి ఉంచాం. ఫలితం పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఆమె నా తల మీద చెయ్యి పెట్టింది. అప్పుడు దాన్ని ఆపి, తల్లిని దాని చోట మళ్లీ కూర్చోబెట్టాం. క్లోనులన్నీ ఒక్కొక్కటే లేచాయి. థీసిస్ గడువుకు ముందే పోయింది. అక్క తన గదిలో తన పాఠం చెప్పుకుంటూ ఉండిపోయింది.

మళ్లీ దసరా వచ్చింది. క్లోనులన్నీ ఆపాను. దాచడానికి ఏమీ లేని ధైర్యంతో సర్వరు ఆపబోతూంటే కరస్పాండెంటు వచ్చారు. హోరు విన్నారు.

"పోయినేడు మొరిగింది గదా, ఇదేనా?" అన్నారు.

యూపీఎస్ అని మళ్లీ అనలేకపోయాను.

"బోరు మోటార్లు విని విని పెరిగినోణ్ణి నేను. చార్జింగు శబ్దమేదో, పనిలో ఉండే మిషను శబ్దమేదో తెలీదా నాకు?"

తెలిసీ అప్పుడు ఎందుకు ఊరుకున్నారు సార్ అని అడిగాను.

"ఎండే చేనికి తడి పారతాంటే, పూజ అని మోటారు ఆపుతామా? అందరి ముందర ఆపమని చెప్పినోణ్ణి, నేనే వద్దంటే బాగుండదు. వాచ్‌మన్‌కు చెప్పిపోతి, ఎవురికీ చెప్పొద్దు, కరెంటు పోయినప్పుడల్లా జనరేటరు ఎయ్యమని. డీజిల్ అంతా దానికే అయిపాయ," అన్నారు. తర్వాత కొంచెం గొంతు తగ్గించి, "ఈసారి ఏదన్నా నడిచేదుంటే చెప్పు. అబద్ధం మాత్రం చెప్పొద్దు," అన్నారు.

ఏడాదిగా నేను దొంగ అనుకుంటూ వచ్చిన వాచ్‌మన్ వరండాలో గుమ్మడికాయకు పసుపు రాస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. ఈ ఏడు నడిచేది ఏదీ లేదు సార్ అన్నాను. అయినా సర్వరు ఆపడానికి చెయ్యి రాలేదు. అలాగే నిలబడ్డాను. పక్కనున్న అక్క, పూజయ్యాక పంచడానికని కొంగులో పట్టుకున్న బొరుగులు నా చేతిలో పోసి, ముందుకు వెళ్లి తనే ఆపింది. గదిలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. కరస్పాండెంటు కుంకుమ పెట్టారు.